ఊళ్లో పాత గుడి బాగుచేయాలనుకుంటున్నారా? ఏది ముందు, ఏది తర్వాత

సంక్రాంతికి ఊరెళ్లి బెంగళూరు తిరిగొచ్చిన వారంలోపే నా ఫోనుకు ఫొటోలు రావడం మొదలవుతుంది. గోపురం మీద రావిమొక్క, మండపంలో ఎవరివో శనక్కాయ పొట్టు బస్తాలు, తాళం లేక తాడుతో కట్టిన గర్భగుడి తలుపు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, దీన్ని బాగుచేయాలంటే ఎంతవుతుంది?"

ఎంతవుతుంది అన్నది చివర్లో అడగాల్సిన మాట. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

మాది మడకశిర వైపు ఊరు, ఉద్యోగం మారతహళ్లిలో. మా ఊరి శివాలయాన్ని పదేళ్ల కిందట మేమే, అంటే బెంగళూరులో ఉన్న కుర్రాళ్లమే, చందాలేసుకుని నాలుగు నెలల్లో 'అభివృద్ధి' చేసేశాం. మండపంలో టైల్స్, గోడ అడుగున సిమెంటు పూత, రాతి స్తంభాలకు ఎనామిల్ రంగు. రెండో వానాకాలానికి గోడలు ఛాతీ ఎత్తు దాకా చెమ్మెక్కాయి. అంతకన్నా ఘోరం ఏంటంటే మా తాత నాకు చిన్నప్పుడు వేలుపెట్టి చూపించిన రాతి అక్షరాలు ఆ సిమెంటు కింద పడిపోయాయి. వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోకపోయినా నిలబడిన గుడి, మేం నాలుగు నెలలు పట్టించుకునేసరికి ఆ గతికొచ్చింది. కింద రాసిందంతా ఆ పనిని మళ్లీ విప్పుకుంటూ నేర్చుకున్నదే.

## 1. గుడి ఎవరిదో తేల్చుకోండి

"ఊరి గుడి కదా, ఊరిదే" అనుకుంటాం. కాగితాల్లో అలా ఉండకపోవచ్చు. నాలుగింటిలో ఏదో ఒకటి అవుతుంది.

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. గుడి దగ్గర బోర్డు ఉంటుంది. దీనికి 1958 నాటి చట్టం ఉంది. 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లలోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. ఇక్కడ మీ చేతిలో ఉన్నది అర్జీ పెట్టడం, వెంటపడటం, అంతే. మంచి మనసుతోనే అయినా ఒక్క ఇటుక పెట్టినా కేసవుతుంది.

రాష్ట్ర పురావస్తు శాఖది. ఆంధ్రాలో 1960 నాటి చట్టం కింద వస్తుంది. పద్ధతి దాదాపు ఇదే.

దేవదాయ శాఖది. 1987 నాటి దేవదాయ చట్టంలోని 6వ సెక్షన్ గుళ్లను ఆదాయాన్నిబట్టి మూడు రకాలుగా విడగొట్టింది. ఏడాదికి 2 లక్షల లోపు ఆదాయం ఉన్నవి 6(సి). మన పల్లె గుళ్లు చాలావరకు ఇందులోనే ఉంటాయి. ఒకే ఈవో (శాఖ కార్యనిర్వహణాధికారి) కింద చాలా గుళ్లు ఉంటాయి కాబట్టి ఆయన మీ గుడి ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, కోప్పడకండి. ఆఫీసుకెళ్లి "43 రిజిస్టరులో మా గుడి ఉందా, ఆస్తులేమని రాశారు" అని అడగండి. ఆ చట్టం 43వ సెక్షన్ కింద గుడి, దాని ఆస్తుల వివరాలు రాసే పుస్తకం అది. ఈ ఒక్క మాట అడిగితే మీకు విషయం తెలుసని వాళ్లకు అర్థమైపోతుంది.

ఏ జాబితాలోనూ లేనిది. ఊరి ఉమ్మడిది, లేదా ఒక వంశం వాళ్లది. తేలిక అనిపిస్తుంది గానీ గొడవలు ఎక్కువ వచ్చేది వీటిలోనే. కనీసం పంచాయతీ తీర్మానమైనా రాతపూర్వకంగా పెట్టుకోండి.

కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు వాళ్లకైతే ఇల్లు తెలుగే అయినా ఆఫీసు కర్ణాటకది, ముజరాయి శాఖ, అంటే అక్కడి దేవదాయ శాఖ. అక్కడ 1997 చట్టం నడుస్తుంది. పాత గుళ్ల మరమ్మతుకు ధర్మస్థల మంజునాథేశ్వర ధర్మోత్థాన ట్రస్టు కూడా అక్కడ సాయం చేస్తుంది: ప్రభుత్వం, ట్రస్టు, ఊరివాళ్లు తలా కొంత వేసుకునే పద్ధతి. మన జిల్లాల వాళ్లకు ఆ అవకాశం లేదు.

ఇక మాన్యం. గుడి పేరిట ఎంత భూమి ఉందో మీభూమిలో అడంగల్, 1-బి చూస్తే కొంత తెలుస్తుంది. పాత లెక్క కావాలంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు (పాత ఇనాం భూముల పుస్తకం), అందులో టీడీ నంబరు, అంటే టైటిల్ డీడ్ నంబరు వెతకాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ నిషేధ జాబితాలో (అమ్మకాలు రిజిస్టరు చేయకూడని భూములు) ఆ సర్వే నంబర్లు ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే ఎక్కించమని దేవదాయ శాఖకు అర్జీ పెట్టండి. కానీ ఒక్క మాట, అనుభవంతో చెప్తున్నాను: మాన్యం గొడవను, మరమ్మతును ఒకే మీటింగులో ఎత్తకండి. ఆ భూమి దున్నుకుంటున్న మనిషి మేనల్లుడే మీకు ట్రాక్టరు ఇచ్చేవాడై ఉంటాడు.

చేతిలో ఉండాల్సినవి:
- గుడి ఏ శాఖ కిందిదో రాతపూర్వకంగా
- 43 రిజిస్టరు నకలు (ఉంటే)
- సర్వే నంబరు, ఎఫ్ఎంబీ స్కెచ్ (భూమి కొలతల పటం)
- పంచాయతీ తీర్మానం
- పని మొదలుపెట్టడానికి శాఖ అనుమతి, నోటిమాట చెల్లదు

## 2. ఊళ్లో కూర్చోండి, కానీ పండగరోజు వద్దు

ఉగాదికో జాతరకో వెళ్లినప్పుడు మీటింగ్ పెడితే అందరూ సరేనంటారు, మర్నాడు అందరూ మర్చిపోతారు. ఏ పండగా లేని ఆదివారం వెళ్లండి. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో పొద్దున్నే మొదటి బస్సెక్కితే పది పదకొండుకల్లా రచ్చబండ దగ్గర ఉంటారు.

ముందుగా అర్చకుడి ఇంటికి వెళ్లండి. నెలల తరబడి జీతం లేకపోయినా సాయంత్రం దీపం పెట్టిన మనిషిని దాటేసి సర్పంచ్ దగ్గరికి వెళ్లడం మర్యాద కాదు, పైగా గుడి గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ మూల వాన కురుస్తుందో, ఏ దూలం ఎప్పటినుంచి పగిలి ఉందో ఆయన్నే అడగాలి.

తర్వాత ఊళ్లో అన్ని వీధుల వాళ్లూ రావాలి. అన్ని అంటే అన్నీ. ఒక వీధి వాళ్లను పిలవకుండా మొదలుపెట్టిన పని కుంభాభిషేకం రోజున గొడవగా బయటపడుతుంది. గ్రామదేవత గుడి అయితే ఆ అమ్మకు తరతరాలుగా సేవ చేసే కుటుంబం ఏదో ఉంటుంది, ఆ ఇంటి పెద్ద మాటే చివరి మాట. బయటినుంచి పంతులుగారిని తెచ్చి అక్కడ పద్ధతి మార్చే పని పెట్టుకోకండి.

రాళ్ల జోలికి వెళ్లకముందు రోజూ దీపం వెలిగే ఏర్పాటు చేయండి. తాళం వేసి ఉన్న గుడికి కోటి పెట్టినా మూడేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. ఆంధ్రాలో ధూపదీప నైవేద్యం పథకం ఉంది. ఆదాయం లేని గుళ్లకు నెలకు ఇచ్చే మొత్తాన్ని 2024లో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మీ గుడి ఆ జాబితాలో ఉందో లేదో అడగండి. లేకపోతే అర్జీ పెట్టి, మంజూరయ్యేదాకా నెలకు ఇంతని మీరే వేసుకోండి. పదిమంది కలిస్తే తలా వెయ్యి.

## 3. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

ఇక్కడ తొందరపడితే మళ్లీ వెనక్కి రాలేరు. నేను పడ్డాను.

రెండు రోజులు పెట్టుకోండి. ఫోను, 30 మీటర్ల టేపు, మంచి టార్చి, ఒక పుస్తకం చాలు. గుడి చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతూ ప్రతి గోడా, ప్రతి స్తంభం నాలుగు ముఖాలూ, కప్పు లోపలా బయటా ఫొటో తీయండి. ప్రతి ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి. స్తంభాలకు నంబర్లు పుస్తకంలో వేసుకోండి, రాయి మీద పెయింటుతో కాదు.

శాసనాలు ఎక్కువగా గోడ అడుగున ఉండే అధిష్ఠానం రాళ్ల మీద, ద్వారబంధాల మీద, మండపం నేల బండల మీద ఉంటాయి. పగటి వెలుతురులో చాలాసార్లు సరిగ్గా కనపడవు. రాత్రి వెళ్లి టార్చిని గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి, అక్షరాలు లేచి నిలబడతాయి. సుద్ద రుద్దడం, గీరడం, పసుపు పూయడం వద్దు.

చదివించుకోవాలంటే కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం ఆఫీసు మైసూరులోనే ఉంది, బెంగళూరు నుంచి మూడు గంటల ప్రయాణం. తడి కాగితాన్ని రాతిమీద బ్రష్‌తో అద్ది, సిరా వేసి అచ్చు తీసే పద్ధతి వాళ్లది. మీ ఊరి శాసనం ఎప్పుడో వాళ్ల పాత నివేదికల్లో అచ్చయి ఉండే అవకాశం కూడా ఉంది, ఊరి పేరు, పాత తాలూకా పేరు పెట్టి అడగండి. బెంగళూరులో మిథిక్ సొసైటీ వాళ్లు ఈ చుట్టుపక్కల శాసనాలను త్రీడీ స్కాన్ చేస్తున్నారు. పని ఎలా చేస్తారో చూసి నేర్చుకోవడానికి అది దగ్గర. కళ్లకు అలవాటు కావాలంటే ఒక ఆదివారం బేగూరు వెళ్లండి. 'బెంగళూరు' అన్న పేరు దాదాపు 890 నాటి వీరగల్లులో (యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఉన్నది అక్కడి పాత శివాలయంలోనే, పాత రాతిపని పక్కనే కొత్త గోపురాలు కూడా ఉన్నాయి, రెండూ పోల్చి చూసుకోవచ్చు.

గుడి బయట పడి ఉన్న వీరగల్లులు, నాగరాళ్లు, విరిగిన నందులు, ఇవన్నీ లెక్క రాయండి. ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వండి. 'అందంగా' ఒక వరుసలో సిమెంటు దిమ్మ మీద పాతేయడం మా పక్క ఊళ్లో చేశారు, రాతి అడుగున ఉన్న రెండు వరుసల రాత దిమ్మలోకి పోయింది.

గోడ చీలికలకు పాతకాలం పద్ధతి ఒకటుంది. చీలికకు అడ్డంగా సన్నటి గాజుపలకను రెండు చివరలా సున్నంతో అతికించి, పక్కన తేదీ రాయండి. ఆరునెలల్లో గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. విరగకపోతే అది పాత గాయమే, భయం లేదు. శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది. అది 2010 మే 26న కూలింది, కూలకముందే చీలికలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. చీలికను సిమెంటుతో పూడ్చి రంగు వేస్తే కనపడదు, అంతే.

## 4. డబ్బు సంగతి

వాట్సాప్ గ్రూపులో ఒకరి గూగుల్‌పే నంబరు పెట్టి చందాలు మొదలుపెట్టకండి. ఎంత మంచివాడైనా రెండో నెలకు గుసగుసలు మొదలవుతాయి, మూడో నెలకు ఆయన టెన్షన్‌తో గ్రూపు వదిలేస్తాడు.

- ట్రస్టు గానీ సొసైటీ గానీ రిజిస్టరు చేసి దాని పేరుమీద బ్యాంకు ఖాతా
- ఇద్దరి సంతకం. ఒకరు ఊళ్లో ఉండేవాళ్లు, ఒకరు బెంగళూరులో ఉండేవాళ్లు
- ప్రతి నెలా ఖర్చు లెక్క గుడి గోడ మీద కాదు, పంచాయతీ బోర్డు మీద
- శాసనం మీదో స్తంభం మీదో దాత పేరు చెక్కించం అని ముందే చెప్పేయడం

చివరిది నవ్వులాట కాదు. ట్యూబులైటు వెలుగుకి అడ్డంగా దాత పేరు రాసే జనం మనం.

అమెరికాలో ఉన్న బంధువులు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఇది తెలియక ఖాతాలు ఆగిపోయినవాళ్లున్నారు. పన్ను మినహాయింపు ఇస్తామని దాతలకు మాటిచ్చేముందు ఆడిటరును కలవండి. ఒక మతానికి చెందిన పనులు చేసే ట్రస్టులకు ఆ మినహాయింపు (80జీ) అంత తేలిగ్గా రాదు.

ప్రభుత్వం వైపు నుంచి రెండు దారులున్నాయి. దేవదాయ శాఖ సర్వశ్రేయోనిధి నుంచి మరమ్మతులకు ఇస్తారు, ఊరివాళ్లు కొంత వాటా కట్టాలి. రెండోది టీటీడీ శ్రీవాణి ట్రస్టు, పాత గుళ్ల జీర్ణోద్ధరణకు కూడా ఇస్తుంది. రెండింటికీ అంచనాలు, ఫొటోలు, అనుమతులు కావాలి, అంటే పైన మూడో మెట్టులో చేసిన పనే ఇక్కడ చేతికొస్తుంది. అయితే డబ్బు వచ్చిందని కాలపరిమితి పెట్టి తొందరపెడితే, సున్నం మానేసి సిమెంటు పూసేస్తారు, అది చూసుకోండి.

## 5. ఎవరితో చేయించాలి

ఊళ్లో ఇళ్లు కట్టే మేస్త్రీ మంచివాడే. కానీ పాత గుడి ఆయన పని కాదు. ముగ్గురు కావాలి: స్థపతి (శాస్త్రప్రకారం గుళ్లు కట్టే నిపుణుడు), పాత కట్టడాల మరమ్మతు తెలిసిన ఆర్కిటెక్టు, సున్నం పని తెలిసిన మేస్త్రీ. రాతిపనికి ఆళ్లగడ్డ శిల్పులున్నారు. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో చదివి బయటికొచ్చిన వాళ్లున్నారు. ఆర్కిటెక్టు కోసం ఇంటాక్ (పాత కట్టడాలను కాపాడే సంస్థ) బెంగళూరు విభాగాన్ని అడిగితే పేర్లు చెప్తారు.

మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇదివరకు చేసిన పాత గుడి ఏది, పని అయ్యి మూడు వానాకాలాలు దాటిందా? సున్నం ఎన్ని రోజులు నానబెడతారు? రాయిని దేంతో శుభ్రం చేస్తారు? మూడో ప్రశ్నకు "శాండ్ బ్లాస్టింగ్, కొత్తదానిలా మెరుస్తుంది సార్" అన్నారంటే కాఫీ తాగించి పంపించేయండి. ఇసుకను గాలి ఒత్తిడితో కొడితే మురికితో పాటు రాతి పైపొర, అక్షరాలు, ఉలి గుర్తులు అన్నీ పోతాయి.

## 6. బాలాలయం

గర్భగుడిలో పని ఉంటే ముందు కళాకర్షణ (విగ్రహంలోని దైవశక్తిని కలశంలోకి తీసుకునే క్రతువు) చేసి, స్వామిని బాలాలయంలోకి, అంటే పని అయ్యేదాకా పూజ జరిగే తాత్కాలిక గుడిలోకి మార్చాలి. గుడిది వైఖానసమా, పాంచరాత్రమా, శైవాగమమా అన్నదాన్నిబట్టి విధానం మారుతుంది. అర్చకుడు చెప్పినట్టు చేయండి. బయట ప్రాకారం, కప్పు పనులకు చాలాసార్లు బాలాలయం అక్కర్లేకపోవచ్చు, అడిగి తెలుసుకోండి. బాలాలయం ఏళ్ల తరబడి ఉండిపోవడం ఊరికి మంచిది కాదంటారు. ఆ నమ్మకం ఎలా ఉన్నా, పని గడువుకు అది మంచి ముల్లుకర్ర.

మూలవిరాట్టు భిన్నమైందని కొత్త విగ్రహం పెట్టి పాతదాన్ని చెరువులో వేయడం మామూలుగా జరిగేదే. ఆగండి. వందేళ్లు దాటిన శిల్పం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. శాఖకు తెలియజేసి, గుడి ఆవరణలోనే భద్రంగా ఉంచే దారి అడగండి.

## 7. పని వరుస: నీళ్లు ముందు, అందం చివర

మా ప్రాంతంలో నవంబరు నుంచి మార్చి దాకా పనికి మంచి కాలం. మే ఎండలో సున్నం పగిలిపోతుంది. జూన్ లోపు కప్పు పని అయిపోవాలి.

### 7.1 చెట్లు

రావి, మర్రి, మేడి. పీకకండి. వేరుతోపాటు రాళ్లూ వస్తాయి. మొదలు దగ్గర కోసి, మోడులో రంధ్రాలు చేసి, వేరు చచ్చే మందు పోసి, పూర్తిగా ఎండాక మాత్రమే రాళ్ల మధ్యనుంచి తీసి, ఆ ఖాళీని పలుచటి సున్నంతో నింపాలి. పైపైన కొమ్మలు నరికి వదిలేస్తే రెండింతల బలంతో వస్తుంది. చెట్టు కొట్టడం పాపమని పెద్దవాళ్లు అంటే వాదించకండి. ఒక రావిమొక్క తెచ్చి చెరువు కట్టమీద నాటించి పని మొదలుపెట్టండి.

### 7.2 కప్పు

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. కురుస్తోందని పైన కాంక్రీటు పోస్తారు. లెక్క చూడండి: నాలుగంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 240 కిలోలు. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న చిన్న మండపం మీద 8 టన్నుల పైమాటే. ముందు తరం వాళ్లు ఒకసారి పోసి, వాళ్ల ముందు వాళ్లు మట్టి వేసి, ఇప్పుడు మీరు ఇంకోసారి పోస్తే, కిందున్న రాతి దూలం ఎన్నని మోస్తుంది? పగిలిన దూలాలు చాలావరకు ఈ బరువు బాపతే.

వరుస ఇది:
- కింద పగిలిన దూలాలకు దుంగలతో ఊతం పెట్టాలి
- పైన తర్వాతి కాలంలో పోసిన పొరలను చేత్తో తీయాలి, యంత్రంతో కాదు
- బండల సందులు శుభ్రం చేసి సున్నంతో నింపాలి
- ఇటుకముక్కలు, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) కలిపి పరిచి, చెక్క సుత్తులతో కొట్టి గట్టిపరచాలి
- నీళ్లు తూముల వైపు పారేలా వాలు ఇవ్వాలి
- పాత తూములు మూసుకుపోయి ఉంటే తెరవాలి

బకెట్టు నీళ్లు పోసి చూడండి. ఎక్కడా నిలవకూడదు.

### 7.3 నేల మట్టం

ఊళ్లో రోడ్డు వేసిన ప్రతిసారీ ఒక అడుగు లేస్తుంది, గుడి ఒక అడుగు దిగుతుంది. అధిష్ఠానం సగం మట్టిలో ఉన్న గుళ్లు అన్నీ అలా దిగినవే. చుట్టూ చేరిన మట్టిని జాగ్రత్తగా తీసి అసలు నేల దొరికేదాకా వెళ్లి, వాననీరు బయటికి పోయేలా కాలువ తీయాలి. పునాది రాళ్ల కంటే కిందికి తవ్వకండి. జేసీబీ గుడి గోడకు పది అడుగుల్లోపు రాకూడదు.

తవ్వేటప్పుడు నాణేలో, విగ్రహమో దొరికితే పని ఆపి కలెక్టరుకు చెప్పాలి. 1878 చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన ఏ నిధి అయినా తెలియజేయాల్సిందే. దాచి ఊరంతా గుసగుసలాడితే ఆ వారంలోనే గుప్తనిధుల ముఠా గడ్డపారలతో వస్తుంది. రాయలసీమలో నంది కింద గుంత లేని పాడుబడ్డ గుడి దొరకడం కష్టం. మట్టి తీసే రోజుల్లో రాత్రి కాపలా పెట్టండి, ఒక సోలార్ లైటు కూడా.

### 7.4 గోడలు, సున్నం

సిమెంటు ఎందుకు వద్దంటే, అది గాలి ఆడనివ్వదు. నేలలోని చెమ్మ పాత సున్నపు సందుల్లోంచి బయటికి ఆవిరయ్యేది. సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి పైకి ఎక్కుతుంది, ఉప్పు తెట్టెలు కట్టి ఇటుకా, గారా పొడిపొడిగా రాలుతాయి. మా గుడిలో టైల్స్ తీసేసిన ఏడాదికి గోడ దానంతటదే ఆరింది.

సున్నం నీళ్లలో చల్లార్చి కనీసం రెండు మూడు వారాలు నానాలి. ఒక వంతు సున్నానికి మూడు వంతుల వరకు ఇసుక, ఇటుకపొడి. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు ఎంత పోయాలో మేస్త్రీ చేతికి తెలుసు. పలుచటి పొరలుగా వేయాలి, ఒక పొర బిగిశాకే ఇంకోటి. తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. సున్నం గాలి తగిలి నెమ్మదిగా బిగుస్తుంది, సిమెంటులా మర్నాటికి గట్టిపడలేదని మేస్త్రీ దొంగచాటుగా ఒక తట్ట సిమెంటు కలుపుతాడు. కలపడనుకోకండి. మా దగ్గర కలిపాడు. గుడి ఆవరణలోకి సిమెంటు బస్తా రాకూడదని రాసుకోవడమే మందు.

విరిగిన రాళ్లను కలిపే కమ్మీలు ఇనుపవి వద్దు. తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి.

### 7.5 శుభ్రం చేయడం

నీళ్లు, కొబ్బరిపీచు, మెత్తటి బ్రష్. సున్నపు పూతలు పేరుకుంటే తడిపి మెత్తబడ్డాక వెదురుబద్దతో గీరాలి. ఆసిడ్ ముట్టుకోకండి. ఎనామిల్ రంగు తీయడం నిపుణుల పని, అరచేతంత చోట ముందు పరీక్ష చేయించి, వారం ఆగి చూసి, అప్పుడు మిగతాది. మా స్తంభాలు ఇంకా సగం నీలంగానే ఉన్నాయి, తొందరలేదు.

## 8. విప్పి కట్టాల్సి వస్తే

రాళ్లు విప్పడం అంటే రెండుసార్లు ఆలోచించండి. శ్రీశైలం ప్రాజెక్టు మునకలో పడ్డ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు, అంటే చేయొచ్చు. కానీ హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం విప్పిన తర్వాత మళ్లీ నిలబడి తెరుచుకున్నది 2024 మార్చిలో, దాదాపు రెండు దశాబ్దాలకి. అదీ కేంద్ర శాఖ చేతిలో. కాంట్రాక్టరు "విప్పేసి ఆరునెలల్లో కట్టేస్తాం" అంటే ఆ గుడి పేరు చెప్పండి.

## 9. ఇప్పటికే తప్పు చేసేశారా

టైల్స్ వేశారు. గోడకు ఆనుకున్న మొదటి వరుస తీసేయండి, చెమ్మకు దారి దొరుకుతుంది. మిగతావి డబ్బు ఉన్నప్పుడు.

రాతికి మేకులు కొట్టి వైరింగ్ చేశారు. సందుల వెంబడి పైపులో వైర్లు మార్చండి. రంధ్రాలు సున్నంతో మూయండి.

శాసనం మీద సిమెంటు పూశారు. చేతి ఉలితో, మనిషి దగ్గరుండి, రోజుకు జానెడు చొప్పున. మాకు ఆరు వరుసల్లో నాలుగు దక్కాయి. మైసూరు వాళ్లు చదివి చెప్పారు: దీపానికి నూనె ఖర్చుకు ఎవరో ఇచ్చిన పొలం, దాని హద్దులు. తూర్పు, దక్షిణం హద్దులు మిగిలాయి. పడమర, ఉత్తరం మా సిమెంటుతోపాటు ఊడిపోయాయి.

## 10. కుంభాభిషేకం తర్వాత

కుంభాభిషేకం ఖర్చు మొత్తం బడ్జెట్లో వేరే పెట్టుకోండి, మరమ్మతు డబ్బులో చేయి పెట్టొద్దు. భోజనాలు, షామియానా, ఫ్లెక్సీలు కలిసి కప్పు ఖర్చును మింగేసిన ఊళ్లు చూశాను. మిగిలినదాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, వడ్డీ మాత్రం ఏటా ఈ పనులకు:

- మే: కప్పు ఊడ్చి తూములు తెరవడం, బకెట్టు నీళ్ల పరీక్ష
- జులై: వేలెడు మొక్కలు ఉన్నప్పుడే పీకేయడం
- అక్టోబరు: వానలప్పుడు వెళ్లి ఎక్కడ కురుస్తుందో కళ్లారా చూడటం, ఫొటో తీయడం
- డిసెంబరు: గాజుపలకలు చూసి పుస్తకంలో తేదీ రాయడం
- సంక్రాంతి: ధూపదీప నైవేద్యం డబ్బు అర్చకుడికి అందుతోందో లేదో ఆయన్నే అడగడం

మా గుడిలో ఉత్తరం గోడ గాజుపలక పోయిన డిసెంబరులో విరిగింది. వచ్చే ఆదివారం స్థపతిని తీసుకెళ్తున్నాం. పొద్దున ఐదింటికి కేఆర్ పురం బ్రిడ్జి దగ్గర బయల్దేరతాం, కారులో ఇంకా ఇద్దరికి చోటుంది.